పెదవుల మీది బుడగ

బొమ్మలు వేసేవాళ్ళంతా ఆయన్ని అద్దాలాయన అంటారు. నిజానికి ఆయన దగ్గర అద్దం ముక్క కూడా ఉండదు. ఆయన చేసేది బొమ్మల మీద రెజిన్ పూత. రెండు సీసాల్లోని ద్రవాలను కొలిచి, కలిపి, బొమ్మ మీద పోసి వదిలేస్తే మర్నాటికల్లా రాయిలా గట్టిపడి, నీళ్ళ అడుగున ఉన్నట్టు మెరుస్తుంది. ఇక దుమ్ముకీ చెమ్మకీ భయం లేదు. పనిలో ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. పూత మీద దోమ వాలిందని ఆ రోజంతా అన్నం మానేసిన మనిషి.

ఆయన పనిలోకెల్లా గొప్పది ముందుగదిలో గోడకి వేలాడుతూ ఉంటుంది. అది భార్య బొమ్మ. ఆవిడే తన బొమ్మ వేసుకుంది, పూత ఈయన పోశాడు. పూతలో ఒక్క మచ్చ లేదు, ఒక్క బుడగ లేదు. వచ్చినవాళ్ళు అందులో మొహం చూసుకుని జుట్టు సర్దుకుంటారు. అది ఆరేసరికి ఆవిడ లేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఏడాది దాటింది.

ఆవిడకో అలవాటుండేది. ఎవరి బొమ్మ వేసినా పెదవులు ఆఖర్న వేసేది. రంగు పచ్చిగా ఉండగానే ఆ మనిషిని పిలిచి, "ఊదండి, మీ ఊపిరితోనే ఆరాలి" అనేది.

"ఫ్యాన్ ఉందిగా?" అనేవాడు అద్దాలాయన.

"ఫ్యాన్‌కేం తెలుసు ఇది ఎవరి మొహమో!"

తన బొమ్మకి తానే ఊదుకుంది. కూతురి బొమ్మకి కూతురి చేతే ఊదించింది. ఆ కూతురికి ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. మర్నాడే ప్రయాణం. అమ్మ వేసిన బొమ్మ తనతో తీసుకెళ్తానంది. చూస్తే రంగు అక్కడక్కడా పొట్టులా లేస్తోంది. దారిలో రాలిపోతుందని తండ్రికి భయం పట్టుకుంది. పెళ్ళాం పోయింది, పిల్ల వెళ్ళిపోతోంది, బొమ్మ కూడా పాడైతే ఆయనకి ఇంకేం మిగులుతుంది?

వెంటనే పూత పోసేద్దామనుకున్నాడు. మామూలుగా అయితే పూతకి ముందు పల్చగా జిగురు రాసి ఆరనిస్తాడు. లేకపోతే బొమ్మ వేసిన గుడ్డలో ఇరుక్కున్న గాలి బుడగలై పైకొస్తుంది. ఆ రోజు అంత వ్యవధి లేదు. ఈసారికి కానీలే అనుకున్నాడు. అంతటి చాదస్తపు మనిషి!

మధ్యాహ్నం నుంచీ ముసురు. పనిగదిలో దీపం వేసుకుని రెజిన్ పోశాడు. అది కూతురి బుగ్గల మీదుగా మెల్లగా పాకి అంచుల దాకా సర్దుకుంది. వాన చప్పుడు, ఆ ఘాటు వాసన, పక్కగదిలో కూతురు పెట్టె సర్దుకుంటున్న అలికిడి. చిన్న గ్యాస్ మంట పైపైన ఆడించాడు. బుడగలన్నీ పగిలిపోయాయి.

పెదవుల మధ్య ఒకటి లేచింది. దాన్నీ మంటతో పగలగొట్టాడు. పక్కగదిలో కూతురు దగ్గింది.

"తలుపేసుకో అమ్మలూ, వాసన పడదు నీకు."

"వేసే ఉంది నాన్నా."

ఇంకో బుడగ. కాస్త ఆగి ఇంకోటి. మళ్ళీ అంతే ఆగి ఇంకోటి. గుడ్డలో గాలి ఇంత వరసగా రాదే అనుకున్నాడు. మంట దగ్గరగా పట్టాడు.

"అబ్బా!" గోడ అవతల కూతురి కేక. "నాన్నా, పెదాలు మండుతున్నాయి... ఏంటిది?"

మంట ఆర్పేశాడు. ఏదో యాదృచ్ఛికం, ఈ వయసులో పిచ్చి భయాలు అని తనని తాను తిట్టుకున్నాడు. బొమ్మ మీద అట్టపెట్టె బోర్లించి వెళ్ళి పిల్లకి నీళ్ళిచ్చాడు.

చీకటి పడే వేళకి రెజిన్ తేనెలా చిక్కబడింది. కూతురు మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ ఆనించి, గాలి కోసం నోరు తెరుస్తోంది. ఆమెకి ఉబ్బసం లేదు. ఎప్పుడూ లేదు. అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వానకి దారి మునిగింది, ఆలస్యమవుతుందన్నారు.

"నాన్నా..." గుసగుసలా వచ్చింది మాట. "ఎవరో... నోరు మూసేస్తున్నట్టుంది..."

ఆయన పనిగదిలోకి పరిగెత్తాడు. అట్టపెట్టె ఎత్తి అవతల పారేశాడు.

పెదవుల దగ్గర ఒకే ఒక్క బుడగ. సగం దాకా లేచి చిక్కటి పూతలో ఇరుక్కుంది. పైకి రాలేదు. ఉబ్బుతోంది... తగ్గుతోంది... ఉబ్బుతోంది...

గోడ అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

రెజిన్ కలిపే గరిట తీసుకున్నాడు. బొమ్మ ఏమైనా పోనీ! పెదవుల చుట్టూ ఉన్న పూతని గీకాడు, వేళ్ళతో లాగాడు, తీగలు తీగలుగా పీకాడు. బుగ్గ మీది రంగు ఊడి వచ్చింది. పెదవులు బయటపడ్డాయి.

పక్కగదిలో పెద్దగా, ఎగపీల్చినట్టు, ఒక ఊపిరి.

పరుగున వెళ్ళి కూతుర్ని పొదివి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. చాలాసేపటికి ఆమె తెరిపిన పడింది. ఆయన చేతుల్ని వాసన చూసి, మెల్లగా అంది.

"అమ్మ పోయిన రోజు కూడా ఇదే వాసన నాన్నా. అమ్మా ఇలాగే దగ్గింది."

భార్య బొమ్మకి ఆ రోజు ఆయన పూతకి ముందు జిగురు రెండుసార్లు రాశాడు. గాలన్నది మిగలకూడదు. అయినా పెదవుల దగ్గర బుడగలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఓపిగ్గా, ఆరేదాకా పగలగొట్టాడు. దగ్గు వినిపిస్తుంటే విసుక్కుని, "కాసేపు ఊరుకోవే, పని చేసుకోనీ" అని కూడా అరిచాడు.

కాళ్ళీడ్చుకుంటూ ముందుగదిలోకి వెళ్ళి దీపం వేశాడు. భార్య మొహం ఎప్పటిలాగే మెరుస్తోంది. ఒక్క బుడగ లేదు. కానీ పెదవుల మీద ఏదో మసక పట్టినట్టుంది. వాన చెమ్మేమో అనుకున్నాడు. చూస్తుండగా అది పరుచుకుంది... తగ్గింది... మళ్ళీ పరుచుకుంది.

చొక్కా చేత్తో తుడిచాడు. పోలేదు. ఆ ఆవిరి పూతకి లోపలి వైపు ఉంది.