భోజనాల బల్ల మీద హెల్మెట్

"కందిపప్పు ఎక్కడ తీసుకున్నావు నాయనా?"

"ఎక్కడ తీసుకున్నా ఉడకడం లేదు బాబాయ్."

కోడ్ సరిపోయింది. ఆష్‌బర్న్ వాకింగ్ ట్రెయిల్ మీద మంకీ క్యాప్‌తో నడుస్తున్న పెద్దాయన వేగం తగ్గించాడు. చూసేవాళ్లకి ఆయన కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన రిటైర్డ్ ఉద్యోగి. నిజానికి శేషగిరి భారత గూఢచారి శాఖకు అమెరికాలో పెద్ద దిక్కు. పక్కన నడుస్తున్న ఫణి మామూలు రోజుల్లో డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ ఇంజనీర్. శేషగిరి కందిపప్పు సంగతి అడిగిన రోజున మాత్రం ఏజెంట్.

ఎదురొచ్చిన జాగర్‌కి గుడ్ మార్నింగ్ చెప్పి, "చిప్ పోయింది," అన్నాడు శేషగిరి.

"ఏ చిప్ సార్?"

"మన దక్షిణాది పవర్ గ్రిడ్ కోడ్. ఎక్కించారంటే హైదరాబాద్ నుంచి చెన్నై దాకా చీకటి. ఆపరేషన్ థియేటర్లతో సహా. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా కొట్టేసింది. శనివారం యూటాలో అమ్ముతున్నారు."

"యూటాలో ఎక్కడ?"

"మోటర్‌సైకిల్ టూర్‌లో. గైడ్ పేరు రావిరి. న్యూజీలాండ్ నుంచి వచ్చి స్థిరపడిన మావోరీ. ఎర్ర కొండల్లో బైకుల మీద తిప్పుతూ వాళ్ల జాతి కథలు చెబుతాడట. ఆఖరి రోజు సాల్ట్ లేక్ సిటీ దగ్గర వాళ్ల కమ్యూనిటీ హాల్లో స్వాగతం, భోజనం. చిప్ అక్కడే చేతులు మారుతుంది. టూర్‌లో ఒకడు కొరియర్. ఎవడో తెలీదు. కొనేవాడి ఫోన్ నంబర్ దొరికింది, మొహం దొరకలేదు."

"లోపల మనవాళ్లెవరైనా?"

"నీహారిక."

ఫణి అడుగు తడబడింది. శేషగిరి చూడనట్టు నటించాడు.

రెండేళ్ల క్రితం ఒక మిషన్ కోసం ఫణి, నీహారిక ఫ్రిస్కోలో భార్యాభర్తలుగా నటించారు. కొత్త ఇల్లు, పాట్‌లక్‌లు, చూడముచ్చటైన జంటంటూ పక్కింటి ఆంటీల దీవెనలు. మిషన్ ముగిసిన రోజున నీహారిక నటన ఆపేసింది. అది ఎలా ఆపాలో ఫణికి ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు. తర్వాత ఆమె డబుల్ ఏజెంట్‌గా ఆర్కిడ్‌లోకి వెళ్లింది. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది.

"అనుకోవడమేనా, నిజంగానే వాళ్ల మనిషైపోయిందా అని నా అనుమానం," అన్నాడు శేషగిరి. "ఈమధ్య రిపోర్టులు పలచబడ్డాయి. నువ్వెళ్లి చూడు. తేడా కనిపిస్తే 'ఉప్పెక్కువైంది' అని మెసేజ్ పెట్టు. శనివారం భోజనాల వేళకి ఆ నంబర్‌కి ఫోన్ చేసి ఆమె ఎవరో చెప్పేస్తాను. ముఠా బెదిరిపోతుంది, అమ్మకం ఆగిపోతుంది."

"ఆమెను చంపేస్తారు సార్."

"అందుకే ఆలోచించి పెట్టమంటున్నా."

ఆయన స్వెటర్ జేబులోంచి తలనొప్పి బామ్ డబ్బా తీసి ఇచ్చాడు. చిప్ చేతికందే దూరంలో ఉంటే డబ్బా వణుకుతుంది. హెడ్ ఆఫీసులో దాన్ని తయారుచేసిన మేధావి ఎప్పుడూ మోటర్‌సైకిల్ ఎక్కలేదని ఫణికి యూటా వెళ్లాకగాని తెలియలేదు. నడిచే బైకు మీద డబ్బా వణుకుతోందో, బండి వణుకుతోందో, తను వణుకుతున్నాడో చెప్పడం కష్టం.

మోయాబ్ ఊళ్లో టూర్ మొదలైంది. బెజవాడ బందరు రోడ్డు మీద స్కూటర్ నడిపిన ధైర్యంతో ఫణి ఏనుగంత బైకు ఎక్కాడు. టూర్‌లో ఒహాయో నుంచి వచ్చిన ముసలి దంపతులున్నారు. మావోరీ సంస్కృతి మీద పరిశోధన చేస్తున్నానని చెప్పుకునే ప్రొఫెసర్ క్రెయిన్ ఉన్నాడు. అందరికంటే ముందు రావిరి ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు, నవ్వితే ఎదుటివాడికీ నవ్వొచ్చే మొహం. ఫణికి మాత్రం రాలేదు. ఎందుకంటే రావిరి వెనక సీటు మీద నల్ల లెదర్ జాకెట్‌తో నీహారిక కూర్చుని ఉంది.

"నాకు బైక్ నడపడం రాదు," అంది ఆమె అందరితో. ఫణిని చూసి కొత్తవాళ్లని చూసినట్టు తల ఊపింది. అది ప్రోటోకాల్. అయినా మరీ అంత బాగా ఊపాలా అనుకున్నాడు ఫణి.

కొలరాడో నది ఒక పక్క, ఆకాశం దాకా లేచిన ఎర్ర రాతి గోడలు ఇంకో పక్క. చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఫణి ఆ రాళ్లను చూడలేదు. ముందు బండి మీద ఆమె చేతులు ఎక్కడున్నాయో చూశాడు. పట్టుకోవడానికి సీటు వెనక శుభ్రంగా ఇనుప కడ్డీ ఉంది. ఆమె చేతులు రావిరి నడుం మీద ఉన్నాయి.

నది ఒడ్డున తిండికి ఆగారు. "ఇది యూట్ తెగవాళ్ల నేల. నేనిక్కడ చుట్టాన్ని. అందుకే ముందు వాళ్లకి దండం పెడతాను," అని రావిరి కొండవైపు తల వంచాడు. అంతలో ఒహాయో ముసలావిడ హెల్మెట్ తీసి శాండ్‌విచ్‌ల పక్కన పెట్టింది. రావిరి దాన్ని రెండు చేతులతో ఎత్తి దూరంగా పరిచిన చాప మీద పెట్టాడు.

"ఏమనుకోకండమ్మా. మాకు తల పవిత్రం. తలకు తగిలిన వస్తువు తిండి బల్ల మీదికి రాకూడదు. మా హాల్లో ఇలా పెడితే మా ఆంటీలు నన్ను కూడా ఉతికేస్తారు."

"మా అమ్మ కూడా అంతే. చీపురు నిలబెడితే ఇల్లెగిరిపోయేలా అరిచేది," అంది నీహారిక. రావిరి పగలబడి నవ్వాడు. చీపురులో అంత నవ్వాల్సిందేముందో ఫణికి అర్థం కాలేదు.

హెల్మెట్లన్నీ చాప మీద వరసగా పెట్టారు. ఫణి నీళ్ల సీసా కోసమన్నట్టు అటు వెళ్లాడు. జేబులో బామ్ డబ్బా వణికింది. చిప్ ఏదో ఒక హెల్మెట్‌లో ఉంది. ఎవరిదన్నది డబ్బా చెప్పలేదు. ఫణి మనసు మాత్రం వెంటనే చెప్పేసింది.

"చక్కటి జంట కదా," అన్నాడు ప్రొఫెసర్ క్రెయిన్ పక్కకొచ్చి, రావిరినీ నీహారికనీ చూపిస్తూ. ఫణి నీళ్ల సీసా మూత బిగించాడు, మళ్లీ తెరుచుకోనంత.

ఆ సాయంత్రం మోటెల్ దగ్గర రావిరి స్నానానికి వెళ్లగానే ఫణి అతని హెల్మెట్ లోపలి గుడ్డ కుట్లు విప్పాడు. నారతో అల్లిన చిన్న పువ్వు కనిపించింది, ఎవరో ఇష్టంగా అల్లి ఇచ్చినట్టు. చిప్ లేదు. డబ్బా కూడా కదల్లేదు. గుడ్డ మళ్లీ కుట్టేశాడు. బుద్ధున్న ఏజెంట్ ఇక్కడ ఆగి, అయితే ఇంకెవరి దగ్గరో ఉందని వెతికేవాడు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చనే. చిప్‌ను నీహారిక తీసి దాచిందని ఫణి తీర్మానించుకున్నాడు.

మర్నాడు యూటాలోనే బౌల్డర్ అనే చిన్న ఊరు దాటాక కొండ అంచున రోడ్డు. రెండు వైపులా లోయ. వ్యూపాయింట్ దగ్గర బండ్లు ఆపారు. ఫణి ఫోటో తీసే వంకతో రాయి చాటుకి వెళ్లి చూశాడు. రావిరి, నీహారిక ఎదురెదురుగా నిలబడ్డారు. అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరి మొహాలూ కలిశాయి. కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయారు.

ఫ్రిస్కోలో ఎనిమిది నెలలు మొగుడుగా నటించినా ఫణికి ఆమె చెయ్యి దక్కింది పక్కింటి సత్యనారాయణ వ్రతంలో ఒక్కసారే. అది కూడా ఫోటో కోసం.

ఫోన్ తీశాడు. ఉప్పెక్కువైంది. పంపేశాడు.

శనివారం వాన తుంపర. హాలు ముందు బూట్లు విప్పి అరలో పెట్టారు, హెల్మెట్లు దాని పైన. లోపల్నుంచి ఒక ముసలామె గొంతెత్తి పిలుపు పాడింది. ఫణికి అర్థం తెలియకపోయినా, రండి, మీ చనిపోయినవాళ్లని కూడా వెంటబెట్టుకుని రండి అన్నట్టు ఉంది. ప్రసంగాలయ్యాయి. ఒక్కో ప్రసంగానికి ఒక పాట. ఆ తర్వాత హాలువాళ్లంతా వరసగా నిలబడ్డారు.

మొదటి పెద్దాయన ఫణి భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ముక్కుకి ముక్కు, నుదుటికి నుదురు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక ఊపిరి.

తర్వాత ముసలామె. ఆ తర్వాత ఇంకో ఆంటీ. ముందు వెళ్తున్న ఒహాయో ముసలాయనా అందరికీ అలాగే ముక్కు ఆనిస్తున్నాడు. ఆయన భార్య మొహంలో అసూయ లేదు.

"మట్టితో చేసిన మొదటి ఆడమనిషికి ముక్కులోంచే ఊపిరి పోశారని మా కథ," అని పక్కనే నిలబడిన రావిరి చెప్పాడు. "అందుకే మా పలకరింపు ఇలా. నీహారికకి భయమేసింది, వరసలో తప్పు చేస్తానేమోనని. నిన్ననే కొండ మీద ప్రాక్టీస్ చేయించాను."

కొండ మీద ఫణి చూసింది ముద్దు కాదు, ఈ పలకరింపే. కడుపుమంటతో ఒక మనిషిని చావుకి అప్పజెప్పాడు. మనిషిని కూడా కాదు, నీహారికని.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. బయటికి పరిగెత్తబోతే ఒక ఆంటీ చేతిలో ప్లేటు పెట్టి భోజనాల గదివైపు తోసింది. "వాన పడుతోంది, ఎక్కడికి? తిను."

గది నిండా జనం. పొడుగాటి బల్ల, దాని మీద మాంసం, దుంపలు, ఆకుకూర కలిపి ఉడికించిన గుండిగ పొగలు కక్కుతోంది. ప్రొఫెసర్ క్రెయిన్ ఒక మూల కూర్చుని మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. కూల్‌డ్రింక్స్ వ్యాన్ డ్రైవరు పెట్టెలు దించేసి, బూట్ల అర ఉన్న వరండా వైపు బయల్దేరాడు.

అతనికి ఎదురుగా నీహారిక లోపలికొచ్చింది. చేతిలో ప్రొఫెసర్ హెల్మెట్. తిన్నగా వచ్చి దాన్ని భోజనాల బల్ల మధ్యలో పెట్టింది.

"బయట తడుస్తోందని తెచ్చాను," అంది అమాయకంగా.

ఒక్కరి చెయ్యీ నోటి దాకా వెళ్లలేదు. నది ఒడ్డున రావిరి చెప్పింది ఆమె విన్నదనీ, మర్చిపోయే రకం కాదనీ ఫణికి తెలుసు. ఆ గదిలో ఉన్న ప్రతి కన్నూ ఇప్పుడు ఆ హెల్మెట్ మీదే ఉంది. ఇన్ని కళ్ల ముందు దాన్ని ఎవడూ గుట్టుగా పట్టుకెళ్లలేడు. ప్రొఫెసర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫణి జేబులో డబ్బా గజగజ వణికింది.

బల్ల వైపు ఒక్కడే కదిలాడు. కూల్‌డ్రింక్స్ డ్రైవరు.

"నేను తీసేస్తాను," అంటూ చెయ్యి చాచాడు. అప్పుడే అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది.

హాలులో సిగ్నల్ ఉన్న ఏకైక ఫోన్ దొంగ చేతిలోనే ఉండడం లోకరీతి. మోగించేది ఎవరో ఫణికి తెలుసు. ఆష్‌బర్న్‌లో మంకీ క్యాప్ సర్దుకుంటూ శేషగిరి. డ్రైవరు మడత ఫోన్ తీశాడు. మూత తెరిచాడు. "హలో" అనబోయాడు.

ఫణి ప్లేటుతో సహా అతని మీద పడ్డాడు. ఇద్దరూ బల్లకి తగులుకున్నారు. ఫోన్ గాల్లోకి లేచి, గుండిగలో మునిగింది. రెండు బుడగలు వచ్చాయి. ఆగిపోయాయి.

డ్రైవరు నడుం దగ్గర పిస్టల్ కోసం చెయ్యి పెట్టేలోగా రావిరి, అతని తమ్ముళ్లిద్దరూ అతని మీద కూర్చున్నారు. ముగ్గురూ కలిసి కూర్చుంటే లేవడమన్నది జరిగే పని కాదు. ప్రొఫెసర్ క్రెయిన్ వరండాలోకి పారిపోయాడు. మోటర్‌సైకిల్ బూట్లకి బోలెడు బకిల్స్. ఒక కాలిది పెట్టుకుని రెండోది పెట్టుకుంటుండగా ఒహాయో ముసలావిడ చేతికర్రతో అతన్ని కింద పడేసింది. ఎందుకో ఆవిడకి తెలీదు. అందరూ పట్టుకోండి అంటున్నారు కాబట్టి పట్టుకుంది.

హెల్మెట్ లోపలి గుడ్డలో చిప్ దొరికింది. పోలీసులు వచ్చారు, వెళ్లారు. అన్నిటికంటే పెద్ద విచారణ ఆ తర్వాత మొదలైంది.

"బల్ల మీద హెల్మెట్ పెట్టింది ఎవరు? గుండిగలో ఫోన్ వేసింది ఎవరు?" అని అడిగింది పిలుపు పాడిన ముసలామె.

ఇద్దరూ చేతులెత్తారు. శిక్షగా హాలులోని అంట్లన్నీ ఇద్దరి ముందుకి వచ్చాయి.

"కొరియర్ ఎవడో ఆర్కిడ్ నాకూ చెప్పలేదు. ప్రొఫెసర్ మీద ముందే అనుమానం. కానీ ఇవాళ అరలో అతని హెల్మెట్ గుడ్డ తడిమేదాకా రుజువు లేదు," అంది నీహారిక ప్లేటు తోముతూ. "నీకు సైగ చేద్దామంటే, నువ్వు నా మొహం చూస్తే కదా. ఎప్పుడు చూసినా నా చేతుల వంకే చూపు."

ఫణి కడిగిన ప్లేటునే మళ్లీ కడిగాడు.

"శేషగిరిగారు ఊరికే ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యరు. ఉప్పెక్కువైందని పంపావు కదూ?"

"పంపాను."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకి ఫణి దగ్గర ప్రోటోకాల్ లేదు. "కుళ్లుకున్నాను. నువ్వు అతని బండెక్కిన దగ్గర్నుంచి కుళ్లుకుంటూనే ఉన్నాను. ఫ్రిస్కో నుంచి కూడా అనుకో."

నీహారిక కుళాయి కట్టేసింది. "చచ్చిపోయేదాన్ని ఫణీ," అంది చివరికి, గొంతు పెంచకుండానే. అరిచినా బాగుండేదనిపించింది అతనికి.

వీడ్కోలు దగ్గర రావిరి ఫణి భుజం పట్టుకుని ముక్కు ఆనించాడు. ఒక ఊపిరి అయ్యాక చెవి దగ్గర, "ఆ పువ్వు మా అమ్మ అల్లింది. మళ్లీ సరిగ్గానే కుట్టావు. థాంక్స్," అన్నాడు. ఫణి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

బండ్లు మోయాబ్ తీసుకెళ్లి అప్పగించాలి. ఫణి తన బైకు దగ్గరికి వచ్చేసరికి ముందు సీటు మీద నీహారిక కూర్చుని ఉంది. బండి స్టార్ట్ చేసి అక్కడికక్కడే తిప్పి నిలబెట్టింది, పుట్టినప్పటి నుంచి నడుపుతున్నదానిలా.

"నీకు రాదన్నావు?"

"ఆర్కిడ్‌కి కూడా అదే చెప్పాను. ఎక్కు."

ఎక్కమంది. అదే పదివేలు. ఫణి వెనక కూర్చుని, మెల్లగా రెండు చేతులూ ఆమె నడుం వైపు చాచాడు.

"వెనక కడ్డీ ఉంది," అంది నీహారిక తల తిప్పకుండా. "అది పట్టుకో."

మోయాబ్ దాకా అదే పట్టుకున్నాడు.