అగ్గిపెట్టె మీద చుట్టిన నలుపు

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి లింగంపల్లి స్టేషన్ పుస్తకాల కొట్టుకు వారపత్రిక వచ్చేది. ఎనిమిదింబావుకల్లా అది నీల చేతిలో ఉండేది. ఎనిమిదిన్నరకి రాజరాజేశ్వరి పప్పు పొయ్యి మీద పడేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి వంటింటి గుమ్మంలో చతికిలబడేది.

"చదవాల్నా అత్తమ్మా?"

"నీ ఇష్టం. నా చేతులు ఖాళీ లేవు."

చేతుల్లో నాలుగు చిక్కుడుకాయలు ఉండేవి. సీరియల్ అయ్యేదాకా అవి నాలుగుగానే ఉండేవి.

ఆ సీరియల్లో హీరో డిటెక్టివ్ మార్తాండ. ఎడమ కంటికి నల్లపట్టీ, గుబురు నల్లమీసం, ముదురు నీలం కోటు. రెండు కళ్ళున్న పోలీసులకు కనబడనివన్నీ అతగాడికి ఒంటికంటితో కనబడతాయి. ఈ వారం అతన్ని దొంగలు నేలమాళిగలో పెట్టి తాళం వేశారు.

"అయిపాయె. మిగతది వచ్చే వారమట," అంది నీల.

"వాడి దుంప తెగ! సరిగ్గా అక్కడే ఆపుతాడు!" రాజరాజేశ్వరి చిక్కుడుకాయలు నేలకేసి కొట్టింది.

అత్తాకోడళ్ళ మధ్య మొదటి మాట కలిపింది మార్తాండే. రాజరాజేశ్వరి కొడుకు పార్థసారథి రామచంద్రాపురం కంపెనీలో డ్రాయింగు సెక్షన్‌లో పనిచేస్తూ, మదీనాగూడలో గేదెలు మేపే మొగిలి కూతురు నీలను ఇష్టపడి చేసుకున్నాడు. మీరు వేరు, మేము వేరు అని జనం బస్సుల మీద రాళ్ళు వేసుకుంటున్న రోజులవి. ఏడాది తర్వాత నరసాపురం నుంచి దిగిన రాజరాజేశ్వరి వచ్చింది కోడల్ని చూడడానికి కాదు, కోడలి తప్పులు చూడడానికి. చారు పలచన, ముగ్గు వంకర, మాట మొరటు. కానీ శుక్రవారం వచ్చేసరికి ఆ తప్పులన్నీ ఎటో పోయేవి.

చేతులు ఖాళీ లేవన్నది వట్టిమాట అని తనకొక్కదానికే తెలుసనుకునేది రాజరాజేశ్వరి. రెండేళ్ళుగా లోకానికీ తన కళ్ళకీ మధ్య ఎవరో నూనెకాగితం అడ్డం పెట్టినట్టుంది. అక్షరాలు చీమల బారులయ్యాయి. ముదురు రంగులన్నీ ఒక్కటయ్యాయి. ఏడో ఏట నుంచి లేసు అల్లిన మనిషి. ఆమె అల్లిన తెల్లటి లేసు ఓడలెక్కి సీమకు పోయిందని షావుకారే చెప్పేవాడు. పని చేతికిస్తే ఆమె ముందు తిరగేసి చూసేది. పనితనం వెనకవైపు తెలుస్తుందనేది.

అలాంటి మనిషి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపరేషన్ అంటారు. ఆమె భర్త సీతారామయ్యకు ఊళ్ళో డేరా వేసిన కళ్ళ వైద్యుడెవడో ఆపరేషన్ చేస్తే, ఉన్న మసక చూపు కూడా పోయింది. కట్టు విప్పిన రోజు ఆయన "రాజ్యం, దీపం పెట్టలేదేం?" అని అడిగాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

చలికాలం మొదట్లో నీల ఒక గళ్ళ కాగితం పట్టుకొచ్చింది. భర్త ఆఫీసు కాగితం. గళ్ళలో రంగు పెన్సిళ్ళతో మార్తాండ బొమ్మ వేసింది. పట్టీ, మీసం, కోటు, వెనక పసుపు.

"అత్తమ్మా, ఉన్ని దుప్పటి నడుమల పెట్టేతందుకు గీ చదరం అల్లుదమా? నేను గళ్ళు చదువుత, మీరు అల్లున్రి."

"లేసు అల్లిన చేతులతో మీసాలు అల్లమంటావా?"

"మార్తాండ మీసాలు కదా!"

రాజరాజేశ్వరికి నవ్వాగలేదు. ఇలాంటిది వరసల్లో కాదు, మూల నుంచి మూలకి అల్లాలంది. మూలన ఒక్క గడితో మొదలు. మూడు గొలుసు కుట్లు, మూడు నిలువు కుట్లు, అదే ఒక గడి. తర్వాత వరసలో రెండు, ఆ పైన మూడు. నడిమధ్య దాకా పెరిగి, అక్కణ్ణుంచి వరసకొకటి తగ్గుతూ ఎదుటి మూలన మళ్ళీ ఒక్కటి మిగలాలి.

"నీలం నాలుగు, పసుపు రెండు," అని నీల చదివేది. అత్తగారి క్రోషియా సూది పిట్ట ముక్కులా టకటక పొడిచేది. చూపుతో పనే లేదు, వేళ్ళే లెక్క పెట్టేవి. నీల చదవడం ఆపి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చునేది. "మిషిను కూడ గింత సక్కగ అల్లది," అనేది. రాజరాజేశ్వరి విననట్టు నటించేది. కానీ ఆ రోజు చారు బాగుందనేది.

పసుపు, గోధుమ రంగులు ఆమెకు ఎలాగో ఆనేవి. నలుపూ ముదురు నీలమే చిక్కు. అదృష్టం కొద్దీ నల్ల ఉన్ని అగ్గిపెట్టె మీద చుట్టి చదరంగా ఉండేది, నీలం దారపు కండె మీద చుట్టి కోలగా ఉండేది. నరసాపురంలో లేసు దారం ఉండలుగానే వస్తుంది. ఇక్కడి కొట్టువాడు ఇలా చుట్టి అమ్ముతాడు కాబోలు అనుకుంది. వాడి కడుపు చల్లగా ఉండాలని దీవించింది కూడా.

నడిమి వరసకు చేరేసరికి, మార్తాండ నేలమాళిగలో పడ్డ ఆ వారమే, మదీనాగూడ నుంచి కబురొచ్చింది. నీల తల్లి పోచమ్మకు జ్వరం.

"నాలుగొద్దులల్ల వస్త అత్తమ్మా."

"వెళ్ళిరా. అన్నట్టు, మిగతా వరసలు ఓసారి చదివి వినిపించు. ఊరికే, వినాలని."

నీల ఇరవై వరసలు చదివింది. లేసు లెక్కలన్నీ నోటికి పట్టిన బుర్ర అది, ఒక్క గడి జారలేదు. కోడలు తిరిగొచ్చేసరికి మొహం పూర్తిచేసి చూపించాలి. నోరెళ్ళబెట్టాలి పిల్ల!

మర్నాడు ఉన్ని అయిపోయింది. పార్థసారథి సుల్తాన్ బజారు నుంచి నలుపూ నీలమూ తెచ్చి బుట్టలో పడేశాడు. రాజరాజేశ్వరి బుట్టలో చెయ్యి పెట్టింది. ఒక ఉండ గుండ్రంగా ఉంది. రెండోదీ గుండ్రంగానే ఉంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండూ ఒకే చీకటి. పక్కింటి కనకలక్ష్మిని అడిగితే? సాయంత్రానికల్లా కొడుక్కి తెలుస్తుంది, ఎల్లుండికల్లా తాను ఆపరేషన్ బల్ల మీద ఉంటుంది. అరచేతుల్లో ఒక్కో ఉండ పెట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆఖరికి కుడిచేతిలోది నలుపు అనుకుంది.

నాలుగో రోజు నీల వచ్చింది. చెప్పులు విడిచి లోపలికి రాగానే అత్తగారు చదరం పరిచింది. ఆమె మొహం పరీక్ష పాసైన పిల్లలా ఉంది.

నీల చూసింది. "ఎంత మంచిగొచ్చింది అత్తమ్మా!" అంటూ గబగబా చుట్టేయబోయింది.

అప్పుడే పార్థసారథి కాఫీ గ్లాసుతో వచ్చి తొంగిచూశాడు. ఫక్కున నవ్వాడు. "అమ్మా! డిటెక్టివ్ మీసానికి సిరా పూశావేంటి? పట్టీ కూడా నీలమే!"

రాజరాజేశ్వరి మొహంలో నెత్తురు లేదు.

"నీ పెళ్ళాం చదివిందే అలా!"

"అవు, నేనే తప్పు సదివిన," అంది నీల వెంటనే.

"కాగితం మీద నలుపే ఉందిగా నీలా. ఎందుకు ఒప్పుకుంటున్నావ్?" పార్థసారథికి అర్థం కాలేదు.

"మీరు జర ఊకుండున్రి."

ఆ జాలి రాజరాజేశ్వరికి తేలులా కుట్టింది. "తప్పు చదవడమేంటి? నలుపుకీ నీలానికీ తేడా తెలియదూ మీ ఊళ్ళో? గేదెల కొట్టంలో పెరిగినదానికి రంగులేం తెలుస్తాయి!"

నీల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తలవంచుకుంది.

"అమ్మా! చాలు!"

"ఏం చాలు? ఆ కొట్టువాణ్ణీ అనాలి! ఎప్పుడూ నలుపు అగ్గిపెట్టె మీద చుట్టి ఇచ్చేవాడు, నీలం కండె మీద. ఈసారి రెండూ గుండ్రంగా చుట్టి తగలేశాడు! మనిషికి ఎలా తెలుస్తుంది?"

పార్థసారథి గ్లాసు కింద పెట్టాడు.

"కొట్లో ఉన్ని పోగుల కట్టలుగానే ఇస్తారమ్మా. ఎవరూ చుట్టివ్వరు. ఈ ఉండలు నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే చుట్టాను." ఆగి అడిగాడు. "అయినా, రంగు కళ్ళకి కనిపిస్తుంటే ఆకారంతో పనేంటి?"

స్టేషన్ వైపు గూడ్సు బండి ఒకటి కూతపెట్టింది.

రాజరాజేశ్వరి మెల్లగా కోడలి వైపు తిరిగింది. నీల గోడకు ఆనుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది.

"ఆ అగ్గిపెట్టె... నువ్వా?"

నీల తల ఊపింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మీరొచ్చిన నెలకే. బియ్యంల రాళ్ళు కండ్లతోటి కాదు, ఏళ్ళతోటి ఏరుతుండిరి. పత్రిక చేతికిస్తే బొమ్మ దిక్కు కూడ చూడకపోదురు. మోతీబిందు, కండ్లల్ల పొర అని నాకు ఎరుకే. మా నానమ్మకు గట్లనే ఉండె."

"మరి చెప్పలేదేమే?"

"మీరు దాసుకుంటున్నరు కదా. మీరు చెప్పకముందు నేనెట్ల చెప్త? అందుకే శుక్రారం శుక్రారం చదివిన. గీ చదరం కూడ గందుకే తెచ్చిన. సన్న లేసు చేత పట్టక మీరు ఎంత బేజారయితున్నరో చూసిన. ఉన్ని లావుగుంటది, ఏళ్ళకు తెలుస్తదని."

రాజరాజేశ్వరి పీట మీద కూలబడింది. కొట్టువాడికి తానిచ్చిన దీవెనలు గుర్తొచ్చాయి. మార్తాండ ఒంటికన్ను గొప్పదనుకుంది ఇన్నాళ్ళూ. ఈ పిల్ల కన్ను పడని చోటు ఈ ఇంట్లో లేదు. చూసిందంతా గుండెలో పెట్టుకుని, ఎదుటి మనిషి తల వంచకుండా కాపాడింది. తనేమో ఇందాకే గేదెల కొట్టం అంది.

"ఇలా రా," అంది. నీల వచ్చి కూర్చోగానే తడుముకుంటూ ఆమె చెంపలు పట్టుకుంది. తడి తగిలింది. "ఈ నోటికి కుట్లు వేసెయ్యవే అమ్మాయ్. మూల నుంచి మూలకి."

నీల ఏడుస్తూనే నవ్వింది.

"ఆయన దీపం పెట్టలేదేమని అడిగారే," అంది రాజరాజేశ్వరి చిన్నగా. "నాకూ అంతే అయితే?"

"అది డేరా వైద్యం. గిది పెద్ద దవాఖాన. కట్టు ఇప్పేదాంక మీ చెయ్యి ఇడవ. సీరియల్ కూడ ఆడనే చదువుత."

"వాణ్ణి నేలమాళిగ లోంచి తీశారా?"

"ఏమో! మీరు దవాఖానకొస్తనంటేనే చెప్త."

"ఓసి గడుసుదానా!"

ఆపరేషన్ అయింది. వారం రోజులు ఎడమ కంటికి తెల్లటి కట్టుతో మంచం మీద కదలకుండా పడుకుంటే, పక్క మంచం భాగ్యమ్మ "మీ అత్త అచ్చం ఆ డిటెక్టివ్ లెక్క ఉందమ్మా!" అనేది. నీల సీరియల్ చదువుతుంటే వార్డులోని ఆడవాళ్ళందరూ చెవులు రిక్కించేవారు. ఆ మధ్యలోనే నీల, అత్తగారి వేళ్ళు చూసి నేర్చిన పనితనంతో, తప్పు వరసలు విప్పి, నలుపు వేసి, ఎదుటి మూల దాకా అల్లుకుపోయింది.

నెలన్నర తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి. అవి పెట్టుకున్న మొదటి శుక్రవారం రాజరాజేశ్వరి గుమ్మంలో కూర్చుని చదరం అడిగి పుచ్చుకుంది. ముందు తిరగేసింది.

వెనకవైపు ఒక్క కొస కనబడలేదు. ఒక్క ముడి తేలలేదు. ముందెంత శుభ్రంగా ఉందో వెనకా అంతే. ఏడో ఏట నుంచి అల్లినా, రెండు నెలల్లో ఇంత పని పట్టిన చెయ్యి ఆమె చూడలేదు. ఏదో అనబోయి, చదరాన్ని కళ్ళకు దగ్గరగా లాక్కుంది.

"ఏమే, పట్టీ మధ్యలో ఈ ఒక్క గడి నీలం వేశావేం? ఇది నలుపు కదూ?"

నీల చేతిలో పత్రిక జారిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"కనవడ్డదా! అత్తమ్మా, కనవడ్డదా మీకు! గది కావాల్నని ఉంచిన. మీకు మీరే చెప్పాలని."

"చెప్పకపోతే?"

"ఇంకో దవాఖానకు తీస్కపోతుంటి."

రాజరాజేశ్వరి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తుడవాల్సి వచ్చింది.

"విప్పి మంచిగ చేస్త, ఇటియ్యున్రి."

"ముట్టుకున్నావంటే చూడు. అది అలాగే ఉండాలి."

చదరం ఒళ్ళో పరుచుకుని, కింద పడిన పత్రిక తీసి పేజీ తిప్పింది. చీమల బారులు ఒక్కొక్కటే అక్షరాలయ్యాయి.

"ఈ వారం నేను చదువుతాను. నువ్వు ఇవి పట్టుకో," అంటూ నాలుగు చిక్కుడుకాయలు కోడలి ఒళ్ళో వేసింది.

సీరియల్ అయ్యేసరికి అవి నాలుగుగానే ఉన్నాయి.