రెండో కంచం

లెక్కల మాస్టారు నాలుగో కిలో పోగొట్టుకున్న రోజు సోమవారం. ఆ జిమ్‌లో ఇంకెవరికైనా నాలుగు కిలోలు తగ్గితే ఊరంతా చెప్పుకునేవాళ్ళు. మాస్టారు చేరింది ఒళ్ళు చేయడానికి. తండ్రి పోయిన ఎనిమిది నెలల్లో చిక్కి సగమయ్యావని రెండు నెలల కిందట అక్క చెవి మెలేసి మరీ చేర్పించింది.

త్రాసు మీది అంకె చూసి డైటీషియన్ నొసలు చిట్లించింది. ఆయన రోజూ తిన్నది రాసే పుస్తకం ఆమె చేతిలో ఉంది.

"తింటున్నది రెండు వేల ఆరు వందల కేలరీలు. కసరత్తు, మెట్లెక్కడం, పిల్లల మీద అరవడం అన్నీ కలిపినా ఖర్చు రెండు వేల రెండు వందలు దాటదు. మీరు పెరగాలి కదా మాస్టారూ?"

"నేను పిల్లల మీద అరవనండీ."

"అయితే ఇంకా పెరగాలి."

అందరూ బాబాయ్ అని పిలిచే కోచ్ అటుగా వచ్చాడు. "ఆ ప్రొటీన్ పొడి ఇంకో చెంచా ఎక్కువ వెయ్యమ్మా, అదే సర్దుకుంటుంది."

"చిల్లుకుండలో ఎంత పోసినా ఒకటే బాబాయ్. ముందు చిల్లెక్కడో చూడాలి." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "ఇవాళ్టి నుంచి తినబోయే ముందు ఫోటో పంపండి. వండిన గిన్నెది కాదు, కంచంది."

కళ్ళజోడు మీదుగా ఆమె చూసే ఆ చూపు కోసమే మాస్టారు వారానికి మూడుసార్లు బరువులెత్తుతున్నాడు. ఈ సంగతి పుస్తకంలో రాయలేదు.

ఆ సాయంత్రం ఫోటో పంపాడు. మర్నాడు జిమ్‌కి వెళ్ళేసరికి ఆమె కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు.

"ఫోటో అందింది సార్."

మాస్టారు ఒక్క రాత్రిలో సార్ అయిపోయాడు.

"ఏం చేశావయ్యా?" అన్నాడు బాబాయ్ చెవిలో. "పొద్దున్నుంచి ఆ అమ్మాయి మొహం ఉడకబెట్టిన గుడ్డులా ఉంది."

మాస్టారు కసరత్తు ముగించి బయటికొస్తే వాన. చూరు కింద ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, విప్పకుండా.

"ఇంట్లో ఆవిడ ఉన్నట్టు ఫారంలో రాయలేదేం సార్?"

"ఏ ఆవిడండీ?"

"ఫోటోలో రెండు కంచాలున్నాయి. ఆ రెండో కంచం ఆవిడ."

"అది మా నాన్నదండీ."

"మీతోనే ఉంటారా?"

"ఉండేవారు."

ఆమె గొడుగు సగం విప్పి మళ్ళీ మూసింది.

"రెండు పూటలా ఇద్దరికీ నేనే వండేవాడిని. ఇప్పటికీ చెయ్యి రెండు గ్లాసుల బియ్యమే కొలుస్తుంది," అన్నాడు మాస్టారు. "వండేముందు తూచమన్నారు మీరు. తూచింది తూచినట్టు రాశాను. అందులో నేను తినేది సగమే."

"అంటే, రాసిందంతా ఇద్దరి తిండి. లెక్కల మాస్టారు భాగహారం మర్చిపోయారా?"

"మర్చిపోలేదండీ. చెయ్యబుద్ధి కాలేదు."

"ఇలాగే సాగితే మంచం పడతారు. ఉన్నవి రెండే దార్లు. సగం వండండి. లేదా మిగతా సగం తినడానికి ఎవరినైనా పిలవండి."

"సగం వండడం నాకు రావట్లేదు. ఆదివారం మధ్యాహ్నం మీకు వీలవుతుందా?"

"క్లయింట్ ఇంట్లో భోంచేయకూడదు. రూల్."

"అలాగాండీ." మాస్టారు వానలోకి ఒక అడుగు వేశాడు.

"ఆగండి. రేపు మీ ఫైలు ఇంకో డైటీషియన్‌కి ఇచ్చేస్తాను. ఆవిడ భలే స్ట్రిక్టు. అప్పుడు మీరు నా క్లయింట్ కాదు."

"మరి ఏమవుతాను?"

"మీ వంట తిన్నాక చెప్తాను మాస్టారూ." ఈసారి గొడుగు పూర్తిగా విప్పింది. బస్టాపు దాకా ఇద్దరికీ చెరో భుజం తడిసింది.

ఆదివారం ఆమె వచ్చింది. అన్నం, గుడ్ల కూర. మొదటి ముద్ద తిని తలూపింది.

"ఎలా ఉంది?"

"కూరలో ఉప్పు తక్కువ. వండినాయన ఫరవాలేదు."

"ఫరవాలేదంటే?"

"వచ్చే ఆదివారం కూడా వస్తానని. ఆ తర్వాతి ఆదివారాలు మీరు అడగాలి."

"అడుగుతున్నాను," అన్నాడు మాస్టారు. "అన్ని ఆదివారాలూ."

"ముందు కంచం ఖాళీ చెయ్యండి."

ఆమె ఇంకో గరిటె వడ్డించింది. మాస్టారు వద్దనలేదు. మాటల్లో పడి అదీ తినేశాడు. గిన్నెలో మెతుకు మిగల్లేదు.

చెయ్యి కడుక్కుని వస్తూ ఆమె ముందుగది వైపు చూసింది. అక్కడ మాస్టారి నాన్న మంచం, దాని మీద పరిచిన దుప్పటి, తలగడ పక్కన ఆయన కళ్ళజోడు ఉన్నాయి.

ఆ మంచం మీది దుప్పటి మాస్టారు ఇంకా తీయలేదు.