పదకొండు రోజుల ఆయుష్షు

"నాలుగు రోజులు" అని తేల్చేసింది నాడి.

డాక్టర్ భ్రమరాంబ ఆ రాగి బిళ్లని కంప్యూటర్ క్యాబినెట్ మీది నుంచి ఊడదీసి, కొంగుతో తుడిచి, ఇంకోచోట అంటించింది. అప్పుడూ నాలుగే. మనిషైతే బతిమాలుకోవచ్చు, లేదంటే కసురుకోవచ్చు. తొమ్మిదేళ్లు తిండీ నిద్రా మాని తను తయారు చేసిన పరికరంతో ఎలా దెబ్బలాడుతుంది?

అసలు గొడవేమిటంటే, ఆ కంప్యూటర్ రెండేళ్ల రెండు నెలల కిందటే చచ్చిపోవాలి. అప్పట్లో నాడి దానికి పదకొండు రోజుల ఆయుష్షు చెప్పింది. ఆ చీటీ ఇంకా క్యాబినెట్ నెత్తిన అలాగే ఉంది. కంప్యూటరేమో నిక్షేపంలా పనిచేస్తోంది. నిక్షేపం అనడం కొంచెం ఎక్కువేనేమో. అది చేస్తున్న మోతకి పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. తెర మీద ఎర్ర అక్షరాలతో మూడు హెచ్చరికలు వంతులవారీగా వచ్చిపోతున్నాయి. ఫ్యాన్ వేగం తగ్గిందట, ప్రాసెసర్ వేడెక్కిందట, మెమరీలో లోపముందట. అన్ని రోగాలతోనూ అది తన పని తాను చేసుకుపోతోంది.

ఆ కాలం సంగతి కొంచెం చెప్పుకోవాలి. అది రెండు వేల అరవై ఒకటో సంవత్సరం. చిప్పుల తయారీకి కావలసిన లోహాలు భూమిలో అడుగంటాయి. కొత్త కంప్యూటర్ ఆసుపత్రులకీ ఉపగ్రహాలకీ తప్ప మరెవరికీ దొరకదు. మిగతా లోకమంతా పాతవాటితోనే నెట్టుకొస్తోంది. పెళ్లిచూపుల్లో కూడా "మీ ఇంట్లోది ఎన్నో చెయ్యండీ?" అని అడుగుతున్నారు. రెండో చెయ్యి అంటే గొప్పింటివాళ్లు. ఐదో చెయ్యి వాళ్లు ఆ మాట కాస్త గొంతు తగ్గించి చెబుతారు. ఉన్నది హఠాత్తుగా ఆగిపోతే మరొకటి రావడానికి ఏడాది పడుతుంది. అందుకే నాడి వచ్చినప్పుడు జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

అది చేసే పని అర్థం చేసుకోవడం సులువే. మట్టికుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వింటాం కదా, ఇదీ అంతే. నాడి క్యాబినెట్‌ని సన్నగా తడుతుంది. లోపలున్న ఫ్యాన్లూ, డిస్కూ, బోర్డూ దేని తీరులో అది కంపిస్తాయి. ఆ కంపనాలని విని, అంతకుముందు చచ్చిన మూడు లక్షల కంప్యూటర్ల ఆఖరి చప్పుళ్లతో పోల్చి, ఇది ఇన్నాళ్లు బతుకుతుందని చెబుతుంది. ఇన్‌స్పెక్టర్లు ఊరూరా తిరిగి ఆ అంకెని చీటీ మీద రాసి అంటిస్తారు.

ప్రయోగశాలలో ఉన్నంతకాలం నాడి మాట వందకి తొంభై తొమ్మిదిసార్లు నిజమైంది. ఊళ్లమీద పడ్డాక సగానికి సగం తప్పింది. సోమవారం నాడు ప్రభుత్వం వేసిన సంఘం కూర్చుంటుంది. ఎందుకు తప్పుతోందో ఆ రోజు చెప్పలేకపోతే నాడిని రద్దు చేస్తారు. భ్రమరాంబకి ఇల్లూ వాకిలీ, బిడ్డా పాపా అన్నీ నాడే. అందుకని తప్పుల జాబితాలో అన్నిటికంటే పెద్ద తప్పుని వెతుక్కుంటూ, శుక్రవారం పొద్దున్నే విశాఖ నుంచి శ్రీకాకుళం తీరంలోని కొత్తరేవుకి వచ్చింది.

ఆ పెద్ద తప్పు ఉన్నది రేవు పక్కన ఐస్ ఫ్యాక్టరీలో. కంప్రెసర్లు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో ఆ కంప్యూటరే చూసుకుంటుంది. అంతకుముందు అది ఏడేళ్లు ఓ సినిమా హాల్లో టిక్కెట్లు అమ్మింది. ఇప్పుడది నాలుగో చెయ్యి. ఫ్యాక్టరీ నడిపేది మైలపల్లి దేముడమ్మ. యాభై అయిదేళ్ల మనిషి. ఐస్ దిమ్మలు మోయించి మోయించి గొంతు గట్టిపడిపోయింది.

"ఏటంటాది డాక్టరమ్మా?" అని అడిగింది దేముడమ్మ.

"నాలుగు రోజులంటోంది."

"నయమే. పోయిన నెల ఒకాయనొచ్చి సూసినప్పుడు మూడన్నాడు."

భ్రమరాంబ ఆ అంకెలు రాసుకోబోయింది. ఈలోగా దేముడమ్మ "కాస్త తప్పుకోండమ్మా, ఏళైపోతంది" అంటూ ముందుకొచ్చి కంప్యూటర్ స్విచ్ ఆపేసింది. గదిలో మోత ఆగిపోయింది. కిటికీలోంచి సముద్రం హోరు వినబడింది.

"అయ్యో, ఎందుకాపారు?"

"శుక్కురారం కదమ్మా. దీనికి తానం సేయించాల. గంట ఆగితే దిమ్మలు కరిగిపోవులెండి."

దేముడమ్మ స్క్రూలు విప్పి క్యాబినెట్ తలుపు తీసింది. భ్రమరాంబ లోపలికి తొంగిచూసి ముక్కు మీద వేలేసుకుంది. ఆవిడ ఇప్పటికి కొన్ని వేల కంప్యూటర్లు విప్పి ఉంటుంది. వాటిలో దుమ్మెప్పుడూ బూడిద రంగులోనే కనబడింది. ఇందులో పసుపుగా, ఎర్రగా, అక్కడక్కడా నల్లగా ఉంది. ఫ్యాన్ రెక్కల మీద ఓ పక్కగా అట్టకట్టింది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ సందులు పూడుకుపోయాయి. వేలితో కాస్త తీసి వాసన చూసింది. పసుపు, కుంకుమ, అగరుబత్తి మసి!

"దేముడమ్మగారూ, ఇవన్నీ లోపలికెలా వచ్చాయి?"

"గారేటమ్మా, దేముడమ్మా అనండి సాలు" అందామె. ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు. అప్పటికే పనిలో మునిగిపోయింది.

ముందు మెత్తని పెయింటు బ్రష్‌తో దుమ్మంతా దులిపింది. ఫ్యాన్ ఊడదీసి, అగ్గిపుల్లతో ఒక్కో రెక్కా గీకింది. "గరగరమంటాది సూసేరా, అది ఇదీ. ఓ పక్కే బరువెక్కిపోద్ది. ఒంకరగా తిరుగుతాది" అంది. జారిపోయిన వైరునొకదాన్ని వెనక్కి లాగి దారంతో కట్టింది. టకటక చప్పుడు దానిదట. ఫ్యాన్ ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసింది. కీచుమనేది అక్కడట. ఆ తర్వాత మెమరీ కార్డులు తీసి, వాటి రాగి అంచుల్ని పిల్లలు వాడే రబ్బరుతో తళతళలాడేలా రుద్ది, మళ్లీ టక్కుమని బిగించింది.

"ఇదంతా ఎవరు నేర్పారు మీకు?"

"అమ్మినోడే సెప్పినాడు. సినిమా హాలు ఆపరేటరు. సెప్పినోడే గానీ సేసినోడు కాడనుకుంటాను."

క్యాబినెట్ మూసి స్విచ్ వేసింది. కంప్యూటర్ లేచింది. సన్నటి గాలి చప్పుడు తప్ప మరేం లేదు. తెర మీద ఒక్క ఎర్ర అక్షరం లేదు. భ్రమరాంబ నాడిని అంటించింది. అది కాసేపు తట్టి, విని, అంకె చూపించింది. రెండేళ్ల ఏడు నెలలు.

ఆవిడ పక్కనున్న చేపల బుట్ట బోర్లించి దానిమీద కూలబడింది. సంఘం కోసం తను రాసిన మూడొందల పేజీల నివేదికలో దొరకనిదేదో కళ్లముందే ఉందని తెలుస్తోంది, కానీ ఇంకా చేతికి అందలేదు.

"ఇలా ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు?"

"ఆ సీటీ అంటించిన కాణ్ణించీ" అంది దేముడమ్మ. "దసరా ఎళ్లిన మర్నాడే ఒచ్చినాడమ్మా ఇన్‌స్పెక్టరు. పదకొండు రోజుల్లో పోతాదన్నాడు. ఇది పోతే ఐసు లేదు. ఐసు లేకపోతే ఊరోళ్లు తెచ్చిన సేపలన్నీ కుళ్లిపోవాల. అమ్మోరికి మొక్కేసుకున్నాను. అంతకుముందు దసరాకి ఒక్కపాలి పసుపు రాసీవోళ్లం. అప్పట్నించీ పెతీ శుక్కురారం రాస్తన్నాను. మరి పాత పసుపు కడక్కుండా కొత్త పసుపు రాస్తామేటి? అందుకని ముందల శుబ్బరం సేస్తాను."

చెబుతూనే కుంకుమ భరిణె తీసి, క్యాబినెట్ ముందుభాగాన జాలీ మీద, గాలి లోపలికి పీల్చుకునే చోట సరిగ్గా మధ్యన, నిండుగా బొట్టు పెట్టింది. ఫ్యాన్ దాన్లో సగం గుటుక్కున మింగేసింది. ఇంకా అంటుకునే ఉన్న నాడి రెండేళ్ల ఏడు నెలల నుంచి రెండేళ్ల అయిదుకి దిగింది.

భ్రమరాంబ కెవ్వుమంది. "అక్కడ కాదమ్మా! రోగం అక్కడే ఉంది! వెనక పెట్టండి, వెనక!"

"ఈపుకి బొట్టెడతారేటి, ఇడ్డూరం కాపోతే" అని దేముడమ్మ గట్టిగానే కోప్పడింది. "మొహం ఇదీ కదా!"

డాక్టరేట్ చేసిన మనిషికి ఇలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆవిడ జాలీ లేని పక్క రేకు చూపించింది. "పెళ్లికూతురికి బుగ్గచుక్క పెడతాం కదా. అలా ఈ పక్కన పెట్టండి."

దేముడమ్మ తల ఓ పక్కకి వాల్చి చూసింది. "బుగ్గనా? సరే, బాగుంటాది" అని ఒప్పుకుంది.

అప్పుడు చేతికందింది భ్రమరాంబకి. నాడి ఆ రోజు తప్పు చెప్పలేదు. దసరా పసుపుతో ఊపిరాడని కంప్యూటర్‌ని అలాగే వదిలేసి ఉంటే పదకొండో రోజున నిజంగానే పోయేది. చీటీ చూశాక ఈవిడ వదిలెయ్యలేదు. నాడి యంత్రాన్ని విన్నది, చీటీ చదివిన మనిషిని వినలేదు.

ఆ బుట్ట మీదే కూర్చుని జాబితాలో ఉన్నవాళ్లకి వరసగా ఫోన్లు చేసింది. పార్వతీపురంలో పెళ్లికార్డులు అచ్చువేసే ఆయనకి ఇరవై రోజుల చీటీ వచ్చింది. పద్నాలుగు నెలలైనా ఆయన కంప్యూటర్ తిరుగుతూనే ఉంది. "దాని గదిలోకి చెప్పులతో ఎవర్నీ రానివ్వట్లేదండీ" అన్నాడు. రాజాంలో ఒక ట్యుటోరియల్ వాళ్లకి తొమ్మిదేళ్ల చీటీ వచ్చింది. వాళ్లది మూడు నెలల్లోనే పోయింది. "ఆరోగ్యంగా ఉందన్నారు కదా మేడమ్, మేం దానిమీదే టీ గ్లాసులు పెట్టుకునేవాళ్లం" అన్నారు వాళ్లు. నలభై ఫోన్లు చేస్తే ముప్పై ఏడు అలాగే ఉన్నాయి. త్వరలో చస్తుందన్నదాన్ని జనం బతికించుకున్నారు. చాలాకాలం బతుకుతుందన్నదాన్ని చేజేతులా చంపుకున్నారు.

సోమవారం నాడు సంఘం ముందు ఈ మాటే చెప్పింది. ఇంత సంతోషంగా ఆవిడ ఏనాడూ మాట్లాడలేదు. అధ్యక్షుడు అప్పలనరసయ్యగారు అంతా విని కళ్లజోడు తీశారు.

"అయితే డాక్టర్‌గారూ, తక్కువ రోజులు చెబితే ఎక్కువకాలం బతుకుతాయన్నమాట."

"అవునండీ."

"మరింకేం? అన్నిటికీ పదకొండు రోజులే చెప్పించండి."

భ్రమరాంబ కుర్చీలోంచి లేచింది. "అది అబద్ధం అవుతుందండీ. నిజం చెప్పడానికే కదా నాడిని తయారు చేసింది?"

"మీరు తయారు చేసింది కంప్యూటర్లు బతకడానికి అనుకున్నాను" అన్నారాయన నెమ్మదిగా. "నిజమే చెప్పిస్తానంటే ఇవాళే రద్దు చేద్దాం. మీ ఇష్టం."

ఆవిడ ఒక పూటంతా ఏడ్చింది. తర్వాత సంతకం పెట్టింది. అప్పట్నుంచీ నాడి ప్రతి క్యాబినెట్‌నీ శ్రద్ధగా తట్టి, మూడు లక్షల చప్పుళ్లతో పోల్చి, లెక్కలన్నీ కట్టి, చివరికి పదకొండు రోజులు అని చెప్పడం మొదలుపెట్టింది. ఈ రహస్యం సంఘానికీ భ్రమరాంబకీ తప్ప ఎవరికీ తెలియకూడదు. అయినా దేముడమ్మకి అబద్ధం చెప్పడానికి ఆవిడకి మనసొప్పలేదు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "అలాగా!" అని ఊరుకుంది దేముడమ్మ.

ఆ తర్వాత మూడేళ్లలో జరిగింది చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఊరూరా ఆదివారం పొద్దున బ్రష్‌లు బయటికొచ్చాయి. అయిదో చేతివి ఆరో చేతికి, ఆరో చేతివి ఏడో చేతికి చప్పుడు లేకుండా వెళుతున్నాయి. కొత్తది దొరకడానికి ఏడాది పట్టేది కాస్తా, అడిగేవాళ్లు తగ్గి, రెండు నెలలకి వచ్చింది. బడులకి కూడా కొత్త కంప్యూటర్లు రాసాగాయి. విశాఖ జిల్లాలో ఆ మూడో ఏడాది చచ్చిన కంప్యూటర్ ఒక్కటే. అది డాక్టర్ భ్రమరాంబ ఆఫీసులోది.

దానికీ పదకొండు రోజుల చీటీ ఉంది. ఆ అంకె ఉత్తిదని ఆవిడకి తెలుసు, అసలు అంకె ఎనిమిదేళ్లని కూడా తెలుసు. అందుకే మూడేళ్లలో ఒక్కసారైనా తలుపు తియ్యలేదు. చప్పుడు మొదలైతే రేడియో పెట్టుకుంది. హెచ్చరికలు వస్తే నొక్కి మూసేసింది. ఒక మధ్యాహ్నం అది గుర్రుమని ఆగిపోయింది. తన దగ్గర పనిచేసే టెక్నీషియన్లని పిలవడానికి మొహం చెల్లక కొత్తరేవుకి ఫోన్ చేసింది.

దేముడమ్మ మర్నాడే బస్సు దిగింది. తలుపు విప్పి లోపలికి చూసి, "ఏటమ్మా ఇది, సదువుకున్నోరు!" అని చీవాట్లు పెట్టింది. రెండు గంటలు దులిపింది, గీకింది, రుద్దింది, బిగించింది. చచ్చిందనుకున్నది దగ్గి, లేచి కూర్చుంది. భ్రమరాంబకి కళ్లనీళ్లు తిరిగాయి.

"దేముడమ్మా, మీకూ నిజం తెలుసు కదా" అంది. "ఆ పదకొండు రోజులు ఉత్తిదేనని నేనే చెప్పాను. తెలిశాక నేను మానేశాను. మీరెందుకు మానలేదు?"

దేముడమ్మ చేతులకంటిన మసి తుడుచుకుంది.

"ముందల సచ్చిపోతాదని సేసినానమ్మా" అంది. "ఇప్పుడు బతికుంది కదాని సేస్తన్నాను."