గడ్డు చలికాలం నుంచి మొదలైన లెక్క

...అయినా విబెకె పుట్టినరోజు మార్చిలో కదా. అప్పుడు చేతితొడుగులు కొనిచ్చింది అస్గెర్ తనే. మరి ఈ నవంబరులో ఆమె బల్లమీద ఆ చిన్న జెండా ఎందుకు?

కోపెన్‌హాగన్‌లో బల్లమీద జెండా ఉంటే ఆ మనిషి పుట్టినరోజని అర్థం; ఎవరూ ప్రశ్నలడగరు, కేకు గదికి నడుస్తారు. ఇంధన లెక్కల ఆఫీసంతా అలాగే కదిలింది. "మీరు పదండి, నేను కత్తి తెస్తా" అంటూ విబెకె ఒక్కతే వెనక ఆగి, కాసేపటికి నవ్వుతూ వచ్చింది.

గుమాస్తా వేషంలో ఉన్న గూఢచారి అస్గెర్ చెవిలో, వినికిడి మిషన్ గుసగుసలాడింది. పై అధికారి బోదిల్.

"దేశ ఇంధన భద్రతా సూచీని ఎవరో ఇప్పుడే మార్చారు. పన్నెండుకు విడుదల. అంతా భద్రమని నమ్మితే పార్లమెంటు ఇవాళే గ్యాస్ నిల్వలు అమ్మేస్తుంది. కొనేది మనం వెతుకుతున్న విదేశీ ముఠా. ఇక మన చలికాలం వాళ్ళ చేతుల్లోనే. కేకు దగ్గరికి ఆలస్యంగా వచ్చిందెవరు?"

"చూస్తున్నా."

"చూడ్డానికేనా నీకు జీతం?"

అతను జారుకుని విబెకె కుర్చీలో కూర్చున్నాడు. గడియారంలో దాచిన కీతో కంప్యూటర్ తెరుచుకుంది. అంకెలన్నీ నిజమే. పోలిక మొదలయ్యే సంవత్సరమే మారింది. అన్నిటికన్నా గడ్డు చలికాలం నుంచి గీస్తే ఏ గీతైనా పైకే పోతుంది.

తన లెక్కా అంతేనేమో. విడాకుల ఏడాది నుంచి కొలుచుకున్నాడు కాబట్టే, విబెకె నవ్విన ప్రతిరోజూ పండగలా కనిపించింది.

పక్కగదిలో కేకులు, కేకలు. మనిషి ఆకారంలో చేసిన కేకు గొంతు కోస్తున్నారు. కోసేటప్పుడు అందరూ అరవడం ఇక్కడి ఆనవాయితీ. అస్గెర్ ఉలిక్కిపడ్డాడు.

గుమ్మంలో విబెకె, చేతిలో ప్లేటు. "నీకోసం తలకాయ దాచా. నా కుర్చీ వెచ్చగా ఉందా?"

"ఏడాదికి రెండు పుట్టినరోజులా, విబెకె?"

నవ్వు ఆగింది. "ఒక్క అంకె కూడా అబద్ధం కాదు అస్గెర్. మొదలు మార్చానంతే. ఒక్క నిమిషం కళ్ళు మూసుకో. ఇద్దరం లిస్బన్ పోదాం. అక్కడ చలే ఉండదు."

అతను నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. ఆమె మార్చకముందున్న సంవత్సరాన్నే మళ్ళీ టైపు చేసి మీట నొక్కాడు. గీత కిందికి జారింది. అప్పుడే పన్నెండు గంటలు మోగాయి.

"బోదిల్, ఆలస్యంగా వచ్చింది విబెకె" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

తర్వాత బల్లమీది జెండా తీసి జేబులో పెట్టుకున్నాడు. మార్చిలో పనికొస్తుంది. జైల్లోకి కేకు రానివ్వకపోయినా, జెండా రానిస్తారేమో.