రాక్షసుడికి పథ్యం

అడవుల నడుమ ఉన్న హేమవరం రాజ్యంలో ఏడాదిగా ఎవరి గాయమూ మానడం లేదు. ముల్లు గుచ్చుకున్నా నెలల తరబడి రసి కారేది. అది నల్లకొండ మీది కరాళుడనే రాక్షసుడి శాపం.

వైద్యురాలు పేరమ చెయ్యి తగిలితే నొప్పి దిగిపోయేది. పుండు మాత్రం అలాగే ఉండేది. కట్లు మార్చి మార్చి విసిగిపోయి, ఆ శాపం సంగతేదో తేల్చుకుందామని ఆమె మందుల సంచి భుజాన వేసుకుంది. తోడుగా గుండన అనే యోధుడు బయలుదేరాడు. కరాళుడు అతని అన్నను చంపాడు. అతని భుజం మీదా ఆ రాక్షసుడి గోటి గాయం ఉంది.

పేరమ ఇంటి ఆచారంలో మందు రోగి చేతికివ్వరు. దగ్గరుండి పథ్యం చూస్తానని మాటిచ్చిన మనిషి అందుకుంటేనే అది పనిచేస్తుంది.

"నీ తరఫున ఎవరు అందుకుంటారు?" అని అడిగింది.

"అన్న ఉండేవాడు. ముందు ఆ రాక్షసుణ్ణి నరకనీ, తర్వాత చూద్దాం."

ఇక దారి పొడవునా అదే గోల. ఏటిలో మాయమొసలి అడ్డం వచ్చినా, లోయలో రెండు తలల పక్షి వాలినా గుండన ముందు కత్తి దూసేవాడు, గాయం తెరుచుకునేది. పేరమ మొసలి పంటినొప్పి, పక్షి కంటి నలుసు తీసి దారి అడిగి, వెనక్కి వచ్చి మళ్లీ కట్టు కట్టేది. దారిలో ఒక ముని ఆశ్రమంలో గుండన మూడుసార్లు వంకాయ కూర వడ్డించుకున్నాడు.

"పుండుతో వంకాయ తింటారా ఎవరైనా?" అని తలపట్టుకుంది.

ఆ మునే అసలు సంగతి చెప్పాడు. శాపం పుట్టింది కరాళుడి పుండులోంచి. అది మానితే శాపం పోతుంది. మానకుండా వాడు చస్తే ఎప్పటికీ పోదు.

నల్లకొండ గుహలో కరాళుడు రోలంత వాచిన పాదంతో మూలుగుతున్నాడు. పాదంలో దిగిన బాణం ములికి గుండన అన్న వేసిందే. తన పుండు మానడం లేదని, ఇంకెవరిదీ మానకూడదని శపించాడట. పేరమ ములికి లాగి, ఆకు నూరి, చుట్టూ చూసింది.

"నీ తరఫున ఎవరున్నారు?"

"నా వాళ్లందరినీ నేనే తినేశాను," అన్నాడు కరాళుడు తల దించుకుని.

గుండన అప్పటికే కత్తి ఎత్తాడు. పేరమ అడ్డుపడలేదు.

"నరుకు. ఊళ్లో పసిపిల్లలు బొడ్డు మానక గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఆ తల్లులకు నువ్వే చెప్పుకో."

గుండన కత్తి కింద పెట్టి, మందు కోసం దోసిలి పట్టాడు.

"వీణ్ణి నేను క్షమించలేదు," అన్నాడు.

"క్షమించమని నేనడిగానా? మాంసం, పులుపు ముట్టనివ్వకు, చాలు."

నలభై రోజులు అతను రాక్షసుడికి జావ కాచి పోశాడు. ఒకనాడు వాడు జింక తొడ దాచుకుని దొరికిపోతే, "పుండుతో ఇది తింటారా ఎవరైనా?" అని కసిరాడు. పేరమకు ఆ ప్రయాణంలో మొదటిసారి నవ్వొచ్చింది.

కరాళుడి పాదం మానింది. ఇక మనుషుల జోలికి రానని మాటిచ్చి, వాడు కొండలు దాటి వెళ్లిపోయాడు. హేమవరంలో అందరి గాయాలూ మానాయి, గుండనది తప్ప. అది రాక్షసుడి గోటి గాయం, మందు పడందే మానదు. రాజు నిండు సభలో సన్మానిస్తుంటే కూడా అతని కట్టు తడుస్తూనే ఉంది.

పేరమ మందు కలిపి, ఎవరు అందుకుంటారని అడిగింది. "అన్న లేడుగా," అన్నాడు గుండన. ఆమె నిట్టూర్చి, కుడిచేతిలోని మందును తన ఎడమ అరచేతిలోకే తీసుకుంది.

"నేనే చూస్తాను. ఇతనితో పడటం ఇంకెవరి వల్లా కాదు."

వారం తిరక్కుండా గాయం మానింది, నెల తిరక్కుండా ఇద్దరికీ పెళ్లయింది. విందులో గుత్తివంకాయ ఘుమఘుమలాడింది. పెళ్లికొడుకు ఆకులో మాత్రం పెళ్లికూతురు వెయ్యనివ్వలేదు.