వినపడలేదన్నాడు

"ష్ష్!" అన్నాడు వెనక సీటు అబ్బాయి.

కొజుయె ఈల సగంలో ఆగిపోయింది. ఎదుటి టీమ్ వాడు పెనాల్టీ కొట్టబోతున్నాడు. హనజోనో స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్. సొంత ఊరి జనమంతా ఈలలు, డప్పులతో వాణ్ని బెదరగొట్టే పనిలో ఉన్నారు. ఇలాంటప్పుడు నోరు మూసుకోమనే మహానుభావుడెవడు?

"ఏంటి, నాకేనా?" అంది వెనక్కి తిరిగి.

"కిక్ కొట్టేటప్పుడు అరవకూడదండీ. పాపం."

"వాడు గోల్ కొడితే పాపం మాది!"

గోల్ పడనే పడింది. కొజుయె ఆ తప్పంతా అతని నెత్తిన రుద్దింది. "మీ వల్లే! నా ఈల ఆగకపోతే వాడు పక్కకి కొట్టేవాడు."

"మీ ఒక్క ఈలకేనా?"

"ఒక్క గొంతు చాలు" అంది కొజుయె మూతి తిప్పుకుని.

అతని పేరు షూహె. ఊళ్లో బోల్టుల కంపెనీలో పని. ఆ కంపెనీ రగ్బీ టీమ్‌కి కిక్కులు కొట్టేది అతనే. రగ్బీలో పద్ధతి వేరట. కిక్ కొట్టేవాడు బంతిని నిలబెట్టగానే మనవాళ్లు, పరాయివాళ్లు అని లేకుండా స్టేడియమంతా గప్‌చుప్.

"ఆటకెళ్తారా, సంతాప సభకెళ్తారా?" అని పకపకా నవ్వింది కొజుయె. అంత నవ్విన పిల్లే పై వారం రగ్బీ చూడ్డానికి వెళ్లింది. స్టేడియం అదే, గడ్డీ అదే. నోరే కొత్తగా అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది.

మ్యాచ్ అయ్యాక కొజుయె వాళ్లమ్మ నడిపే తకోయాకి కొట్టుకి షూహె వచ్చేవాడు. గుంతపొనుగుల పెనం లాంటి పెనం ముందు కొజుయె నిలబడి, ఆక్టోపస్ ముక్కల ఉండల్ని పుల్లతో తిప్పుతూ ఉండేది.

"ఇవాళ అరిచానా?"

"లేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నావు. కింద నుంచి చూశాను."

"కిక్ కొట్టేవాడు బంతిని చూడాలి గానీ జనాన్ని చూస్తాడా?"

"జనాన్ని కాదు."

పుల్ల మీది ఉండ కాస్తా జారి కింద పడింది.

"ఒరే అబ్బాయ్, నువ్వొచ్చిన రోజు సగం సరుకు నేలపాలే" అంది వాళ్లమ్మ. అంటూనే అతని పళ్లెంలో రెండు ఎక్కువ వేసింది.

చలికాలం చివర్లో కంపెనీ వాళ్లు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. ఆఖరి మ్యాచ్ ఓడిపోయి కింది డివిజన్‌కి జారితే టీమ్ రద్దు. రద్దయితే షూహెని దూరాన క్యుషులో ఉన్న ఫ్యాక్టరీకి పంపేస్తారు.

"గెలిస్తే ఆ సాయంత్రమే మీ అమ్మగారితో మాట్లాడతాను" అన్నాడు షూహె.

"ఏమని?"

"తకోయాకిలో ఉప్పు ఎక్కువైందని."

ఆఖరి మ్యాచ్, ఆఖరి నిమిషం. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. పెనాల్టీ దొరికింది. కొడితే మూడు. ఇకోమా కొండ మీంచి గాలి వీస్తోంది. షూహె బంతిని నిలబెట్టి వెనక్కి అడుగులేశాడు. స్టేడియంలో దగ్గు కూడా వినపడలేదు. కొజుయె నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది. ఏడాదంతా అలాగే పెట్టుకుంది. కానీ ఆ నిశ్శబ్దంలో అతను మరీ ఒంటరిగా కనిపించాడు. ఆమె ఉండబట్టలేకపోయింది.

"షూహే!"

అతని కుడి భుజం ఒక్కసారి ఎగిరింది. బంతి గోల్‌పోస్టు పక్క నుంచి పోయింది. ఆట ముగిసిందని విజిల్ వేశారు.

ముందు సీటు పెద్దాయన వెనక్కి చూసి, మళ్లీ అటు తిరిగిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

"నీ కేకా? నాకసలు వినపడలేదు" అన్నాడు షూహె ఆ సాయంత్రం. "గాలి అలా లాగేసింది." ఎవరడిగినా గాలే అన్నాడు. కొజుయె ఎన్నిసార్లు ఏడ్చినా అదే మాట. ఆఖరికి ఆమె నమ్మింది. నమ్మకపోతే బతకడం కష్టం మరి.

వసంతం వచ్చింది. స్టేషన్లో క్యుషు రైలు ఆగి ఉంది.

"నువ్వూ వచ్చెయ్" అన్నాడు షూహె. "మీ అమ్మగారితో మాట్లాడాను. తీసుకెళ్లు బాబూ అన్నారు."

"ఉప్పు సంగతి మాట్లాడావా?"

"అదీ మాట్లాడాను. ఆలోచించుకో, ఈలోగా టీ తెస్తాను."

అతను ప్లాట్‌ఫామ్ మీద కొట్టు వైపు నడిచాడు. ఆ వీపును చూస్తుంటే కొజుయెకి ఆలోచించడానికేమీ మిగల్లేదు. ఇంత మంచివాడు దొరికాడు, ఇంకేం కావాలి? టీ వచ్చేదాకా ఆగలేకపోయింది.

"షూహే!"

అతని కుడి భుజం ఎగిరింది. సరిగ్గా ఆ రోజు ఎగిరినట్టే.

మరుక్షణం నవ్వుతూ వెనక్కి తిరిగాడు. "ఏంటి?"

"వినపడిందా?"

"ఇంత గోలలోనైనా నీ గొంతు నాకు వినపడకపోవడమా!" అన్నాడు. అన్నాక అతని నవ్వు ఆగిపోయింది.

కొజుయె దగ్గరికి నడిచి వెళ్లింది. "ఆ రోజు కూడానా?"

"నీ తప్పు కాదు కొజుయె" అన్నాడు షూహె. వినపడలేదని మాత్రం అనలేదు.

"నేను రాను."

"అంత చిన్నదానికా?"

"పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడే మనిషితో కాపురం ఎలా చేయను? ఉలిక్కిపడి మళ్లీ నాకోసం నవ్వుతావు కూడా."

"అలవాటైపోతుంది."

"అదే నా భయం."

తలుపులు మూస్తున్నట్టు గంట మోగింది. షూహె రైలెక్కేశాడు. కిటికీ పక్కన నిలబడి ఆమె వైపు చూశాడు. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే దిగిపోయేలాగే ఉన్నాడు.

రైలు కదిలింది. కొజుయె రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని నిలబడింది.